ట్యాపింగ్ దగ్గర రెండు రంగుల పైరోమీటర్: ఏళ్ల తరబడి వాడాక

బొబ్బిలి గ్రోత్ సెంటర్లో గానీ, గరివిడి వైపు గానీ ఫెర్రో అల్లాయ్ (ఉక్కు తయారీలో కలిపే ఇనుప మిశ్రమలోహం) ఫర్నేసులు నడిపేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: ఈ రెండు రంగుల పైరోమీటర్ (లోహపు వెలుగును రెండు తరంగాల దగ్గర చూసి, తాకకుండానే వేడి చెప్పే పరికరం) డబ్బుకు తగ్గ పని చేస్తుందా? చేస్తుంది. కాకపోతే అమ్మేవాళ్లు చెప్పే కారణానికి కాదు. "ఎమిసివిటీ గొడవే ఉండదు" అంటారు (ఎమిసివిటీ అంటే ఉపరితలం తన వేడికి తగ్గట్టు ఎంత వెలుగు విడుస్తుందో చెప్పే అంకె), అది సగం నిజమే. దుమ్ముకు, సన్నబడిన ధారకు తట్టుకోవడమే దీని అసలు గుణం.

మాది 0.9, 1.05 మైక్రాన్ల తరంగాల దగ్గర చూసే సిలికాన్ రకం. దూరానికి, చూసే చుక్కకు నిష్పత్తి 100:1, అంటే 5 మీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల చుక్క. ట్యాప్ హోల్ (ఫర్నేసులోంచి కరిగిన లోహాన్ని వదిలే రంధ్రం) నుంచి వచ్చే ధార ఒక్కచోట నిలవదు, పక్కకు జరుగుతూనే ఉంటుంది. 1500 డిగ్రీల లోహం చుక్కలో సగమే నిండితే, 0.9 మైక్రాన్ల ఒంటి రంగు పరికరం దాదాపు 125 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. రెండు రంగులది నిష్పత్తిని లెక్కగడుతుంది కాబట్టి పెద్దగా కదలదు. ఈ ఒక్క కారణం చాలు కొనడానికి.

ఇక స్లోప్ సంగతి, అంటే రెండు తరంగాల దగ్గరి ఎమిసివిటీల నిష్పత్తిగా పరికరంలో పెట్టే అంకె. అదే 1500 దగ్గర ఎమిసివిటీ 10 శాతం తప్పితే ఒంటి రంగుకు పోయేది 20 డిగ్రీలే. రెండు రంగుల దానికి మాత్రం రెండు ఎమిసివిటీల నిష్పత్తి 1 శాతం తప్పినా 14 డిగ్రీలు పోతాయి. ఆక్సైడ్ పట్టని ఇనుము, ఉక్కులకు మాన్యువల్స్‌లో సాధారణంగా 1.06 ఇస్తారు. డబ్బాలోంచి తీసిన 1.000 మీదే వదిలేస్తే రీడింగ్ 80 డిగ్రీల పైచిలుకు ఎక్కువొస్తుంది. సిలికో మాంగనీస్ అనే ఫెర్రో అల్లాయ్‌కు ఏ పట్టికనూ నమ్మొద్దు. రన్నర్‌లో (లోహం పారే కాలువలో), ట్యాప్ హోల్‌కు ఆనుకుని లోతున్న చోట డిప్ టిప్ (లోహంలో ముంచి వేడి కొలిచే, ఒక్కసారికే పనికొచ్చే థర్మోకపుల్) ముంచి, అదే క్షణంలో పైరోమీటర్ చూపే ధార రీడింగ్ రాసుకోవాలి. లేడిల్లో (లోహం పట్టే పాత్రలో) ముంచితే ఆ లోపే వేడి తగ్గిపోయి లెక్క చెడుతుంది. నాలుగైదు ట్యాపుల తేడా సగటు తీసి, స్లోప్‌ను 0.005 చొప్పున కదపండి. ఒక్కో మెట్టుకు 7 డిగ్రీలు మారుతుంది. స్లాగ్ (చిట్టెం) మొదలయ్యాక వచ్చే అంకెలను ఈ లెక్కలో కలపొద్దు. పీక్ హోల్డ్ (అన్నిటికన్నా ఎక్కువ రీడింగ్‌నే పట్టి చూపే అమరిక) పెట్టి కూర్చుంటే మెటల్ పేరుతో స్లాగ్ వేడిని రిజిస్టర్‌లో రాసినట్టే.

పొగ విషయంలోనూ ఓ మెలిక ఉంది. ముతక దుమ్ము రెండు తరంగాలనూ సమానంగా అడ్డుకుంటుంది, నష్టం లేదు. ఆక్సిజన్ లాన్సింగ్ (గొట్టంతో ఆక్సిజన్ ఊది ట్యాప్ హోల్ తెరవడం) చేసేటప్పుడు లేచే సన్నటి పొగ అలా కాదు. మైక్రాన్‌కు తక్కువ రేణువులు పొట్టి తరంగాన్నే ఎక్కువ చెదరగొడతాయి, దాంతో రీడింగ్ కిందికి జారుతుంది. మసి మంట అడ్డొస్తే దాని వెలుగు కూడా కలిసిపోతుంది. లాన్సింగ్ నడుస్తున్నంతసేపూ అంకెలు చూడకపోవడమే మేలు.

ఎక్కువ ఫిర్యాదులకు మూలం పరికరం కాదు, పర్జ్ గాలి (లెన్స్ మీద దుమ్ము పడకుండా ఊదే గాలి). కంప్రెసర్ గాలిలో నూనె, తేమ ఉంటే లెన్స్ మీద జిడ్డు పొర కడుతుంది. వానాకాలంలో మరీను. ఫిల్టర్, డ్రయర్ లేకుండా బిగించొద్దు. లెన్స్‌ను ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాతే లెన్స్ టిష్యూ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి తుడవాలి. చేతికందిన వేస్ట్ గుడ్డతో తుడిస్తే గీతలే మిగులుతాయి. పరికరాన్ని చల్లబరిచే కూలింగ్ నీళ్లు మరీ చల్లగా ఉన్నా లెన్స్‌కు చెమట పడుతుంది.

కాలిబ్రేషన్ ఏడాదికోసారి, బ్లాక్‌బాడీ (ఎమిసివిటీ దాదాపు 1 ఉండే ప్రామాణిక కొలిమి) మీద, స్లోప్ 1.000 పెట్టి చేయించండి. ఆ సంగతి సర్టిఫికెట్‌లో రాయించుకోండి. వెండి గడ్డకట్టే 961.78 డిగ్రీలు దాటాక అంతర్జాతీయ ఉష్ణోగ్రత స్కేలే రేడియేషన్ మీద నడుస్తుంది కాబట్టి, దీన్ని థర్మోకపుల్ కన్నా తక్కువగా చూడక్కర్లేదు.

నాలుగు, ఆరు తరంగాల మోడళ్లు కూడా వస్తున్నాయి. ఒక్కో తరంగంతో పాటు తెలియని ఎమిసివిటీ ఒకటి పెరుగుతుంది, కాబట్టి లోపల ఏదో ఒక ఊహ పెట్టుకోక తప్పదు. ఆ ఊహేమిటో అమ్మేవాళ్లు చెప్పగలిగితేనే ఆలోచించండి.

బూడితిలో ఇత్తడి పోత పోసేవాళ్లకు ఇది దండగ. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, ఆ తెల్లటి పొగలో ఏ పైరోమీటరూ సరిగా చూడలేదు. తొడుగున్న కె టైప్ థర్మోకపుల్ లోహం కరిగించే మూసలో ముంచితే సరిపోతుంది.