అలికాంతె ఎక్స్‌ప్లనాడ: పోవాల్నంటే పొద్దుగాలనే పోండ్రి
మొన్న అమ్మ మాడ్రిడ్‌ల మా దగ్గరికి వచ్చినప్పుడు సముద్రం చూపిస్త అని స్పెయిన్లనే ఒడ్డు మీదున్న అలికాంతె పట్నానికి తీస్కపోయిన. ఫాస్ట్ ట్రైన్ల రెండున్నర గంటలు, మన మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు బస్సుల పోయినంత సేపు అనుకోండ్రి. అక్కడ అందరు చెప్పేది ఈ ఎక్స్‌ప్లనాడనే, సుమారు అర కిలోమీటరు నడిచే తొవ్వ, నాలుగు వరుసల ఖర్జూర చెట్లు.

చెట్లు ఎక్కడైనా ఉంటయి గానీ అసలు ముచ్చట నేల. ఎరుపు, నలుపు, మీగడ రంగు పాలరాయి ముక్కలు 65 లక్షలకు పైగా ఉన్నయట, 1950లల్ల పరిచిన్రు, మొత్తం అలల డిజైన్. నేల సాపుగనే ఉంటది గానీ కంటికి ఎగుడుదిగుడు కొడ్తది. అమ్మ అయితే కుచ్చిళ్ళు పైకి పట్టుకోని, గడప దాటినట్టు కాలెత్తి ఏస్తున్నది, "ఏందిరా కొడకా, నేల ఊగుతుంది" అంటె నేను నవ్విన, జర సేపటికి నాకు గూడ గట్లనే అనిపిచ్చింది. ఇంట్ల తాండూర్ బండలు ఏసేటప్పుడు ఒక్క మూల సాపు రాలేదని మేస్త్రితోని లొల్లి పెట్టుకున్నోన్ని, ఇన్ని ముక్కలు ఎట్ల పేర్చిన్రో!

ముందు ఇది సముద్రపు కట్టనేనట, అందుకే మన పెద్ద చెరువు కట్ట మీద తిరిగినట్టు ఉంటది. కానీ ఇక్కడ నిలబడితె కనవడేది పడవలే. నీళ్ళల్ల కాళ్ళు పెట్టాల్నంటే పోస్తిగెత్ బీచ్ దాక నడవాలె, దగ్గర్నే. పైన 166 మీటర్ల గుట్ట మీద సాంతా బార్బరా కోట, లిఫ్ట్ ఉన్నదంటేనే అమ్మ ఒప్పుకున్నది.

ఓర్చాతా మాత్రం తాగుండ్రి. ఒక రకం తుంగ గడ్డలు నానబోసి, రుబ్బి, పాలు పిండి, చక్కెరేసి చల్లగ ఇస్తరు. ఆ మాట చెప్పంగనే అమ్మ, "మడుల్ల తుంగ పీకి పీకి మా నడుములు పాయె, వీళ్ళు పైసలిచ్చి తాగుతున్నరా" అన్నది, అనుకుంటనే గ్లాసు ఖాళీ చేసింది. ఆ పక్కన ఒక హోటల్ల మాత్రం బయట కుర్చీల కూసుంటే రేటు వేరేనట, అది మాకు బిల్లు వచ్చినంక తెల్సింది. కూసునే ముందే అడుగుండ్రి.

సాయంత్రం జనం, బండ్ల మీద సామాన్లు అమ్మేటోళ్ళు, కుర్చీలు, డిజైన్ సగం కనవడది. రెండో రోజు పొద్దున ఏడింటికి పోతె మొత్తం ఖాళీ, అమ్మ ఈసారి కుచ్చిళ్ళు ఇడిచిపెట్టి నాకంటే ముందు నడిచింది. వాన పడ్డంక అయితే జారుతది, పెద్దోళ్ళు పైలం.