పెళ్ళి క్యాసెట్లకు పనికొచ్చే పాత రికార్డర్: పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్15

టీవీ కార్యక్రమాలను దాచుకోవడానికి డీవీడీ రికార్డర్ కొనే రోజులు పోయాయి. 1999 డిసెంబరులో పయనీర్ సంస్థ జపాన్‌లో డీవీఆర్-1000 పేరుతో తొలి ఇంటి డీవీడీ రికార్డర్‌ను విడుదల చేసినప్పుడు దాని ధర రెండున్నర లక్షల యెన్‌లు. ఆ తరువాత ఏడెనిమిదేళ్ళకే ఇవి మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటులోకి వచ్చాయి, అంతే వేగంగా దుకాణాల నుంచి మాయమయ్యాయి. 2006 ప్రాంతంలో వచ్చిన పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్15 ఆ కాలపు సాధారణమైన యంత్రాల్లో ఒకటి. ఇందులో హార్డ్ డిస్కు లేదు, క్యాసెట్ పెట్టే చోటూ లేదు. అయినా ఇంట్లో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు మిగిలి ఉన్నవారికి ఇంతకంటే ఉపయోగపడే పాత వస్తువును నేను చూపించలేను.

దీని అసలు గుణం డిస్కు మీద రాయడంలో కాదు, లోపలికి వచ్చిన బొమ్మను కుదురుగా నిలబెట్టడంలో ఉంది. మన టీవీలు వాడే పాల్ అనే పద్ధతిలో ఒక్కొక్క చిత్రం 625 గీతలుగా, సెకనుకు 25 చిత్రాల చొప్పున వస్తుంది కాబట్టి ఒక్కొక్క గీతకు దక్కే సమయం 64 మైక్రోసెకన్లు. క్యాసెట్లను ఆడించే వీసీపీలో సెకనుకు 25 చుట్లు తిరిగే డ్రమ్ముకు బిగించిన హెడ్లు ఆ గీతలను టేపు మీద నుంచి చదువుతాయి. ముప్పై ఏళ్ళనాటి టేపు సాగినా, ముడతపడినా కొన్ని గీతలు కాస్త ముందుగా, కొన్ని కాస్త ఆలస్యంగా మొదలవుతాయి. అప్పుడు నిటారుగా ఉండవలసిన పెళ్ళి మండపం స్తంభాలు నీటిలో నీడలా వంకర్లు పోతాయి, తెర పైభాగం ఒక పక్కకు ఒరిగిపోతుంది. పాత గాజు టీవీలు ఈ తేడాను చాలావరకు సర్దుకునేవి. కంప్యూటరుకు తగిలించే చవక యూఎస్‌బీ పరికరాలు మాత్రం అక్కడ తడబడి ఫ్రేములను వదిలేస్తాయి, దాంతో కాసేపటికి మంత్రం ఒకచోట, పురోహితుడి పెదవులు మరోచోట ఉంటాయి. ఈఎస్15 అయితే వచ్చిన బొమ్మను ముందు తన మెమరీలోకి తీసుకుని, గీతలన్నిటినీ సమానమైన వ్యవధిలో పేర్చి, ఆ తరువాతే ముందుకు పంపుతుంది. అందుకే డిస్కు పెట్టకుండా దీన్ని వీసీపీకీ కంప్యూటరుకూ మధ్య ఉంచి, కేవలం బొమ్మను సరిచేయడానికి వాడుకునేవారు కూడా ఉన్నారు. ఆ పద్ధతినీ మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

రికార్డింగ్ విషయానికి వస్తే, సరిదిద్దిన బొమ్మను యంత్రం ఎంపెగ్-2 పద్ధతిలో కుదిస్తుంది. ఒక పూర్తి చిత్రాన్ని రాసుకుని, దాని తరువాతి చిత్రాల్లో మారిన భాగాలను మాత్రమే నమోదు చేసుకుంటూ పోవడం ఈ పద్ధతికి మూలం. వధూవరులు కదలకుండా పీటల మీద కూర్చున్నంతసేపూ దానికి పని తేలిక. తలంబ్రాలు మొదలయ్యాక మాత్రం కష్టం వస్తుంది, ఎందుకంటే ఒక్కొక్క గింజా ఒక్కొక్క దిక్కుకు ఎగురుతుంటే ప్రతి చిత్రంలోనూ అంతా మారినట్టే లెక్క. 4.7 జీబీ డిస్కులో ఒక గంట పట్టే ఎక్స్‌పీ మోడ్‌లో, రెండు గంటలు పట్టే ఎస్‌పీ మోడ్‌లో ఈ దృశ్యం చక్కగా నిలుస్తుంది. ఆరు, ఎనిమిది గంటలు పట్టించే ఈపీ మోడ్‌లో ముఖాలు గళ్ళు గళ్ళుగా విడిపోతాయి కనుక దాని జోలికి వెళ్ళకపోవడం మంచిది. మన పెళ్ళి వీడియోలు తరచుగా మూడు గంటల క్యాసెట్ల మీద ఉంటాయి. వాటికి ఎఫ్ఆర్ అనే మోడ్ ఉంది. నిడివి చెబితే చాలు, డిస్కు సరిగ్గా నిండేలా నాణ్యతను యంత్రమే నిర్ణయించుకుంటుంది. ముఖ్యమైన ఘట్టాలకు నేనైతే ఒక క్యాసెట్టుకు రెండు డిస్కులు ఖర్చయినా ఎస్‌పీనే ఎంచుకుంటాను.

సెట్టింగుల్లో లైన్-ఇన్ ఎన్ఆర్ అనే అంశాన్ని తప్పక పరిశీలించాలి. వరుసగా వచ్చే చిత్రాలను పోల్చి టేపు గరగరను తుడిచేసే ఏర్పాటు అది. గరగర నిజంగానే తగ్గుతుంది, కానీ కదిలే చేతుల వెనుక సన్నని చార మిగులుతుంది. టేపు బాగా పాడైతే తప్ప దాన్ని ఆపివేసి ఉంచడమే నా అభిప్రాయం.

డిస్కు మీద రాయడం ఎరుపు లేజరు పని. డీవీడీ-ఆర్ డిస్కులో ఉన్న సేంద్రియ రంగు పొర లేజరు వేడికి శాశ్వతంగా మారిపోతుంది, అందుకే దాని మీద ఒక్కసారే రాయగలం; ఏదైనా భాగాన్ని చెరిపినా ఖాళీ తిరిగి రాదు. డీవీడీ-ర్యామ్‌లో ఉన్న లోహ మిశ్రమం వేడిచేసి చల్లార్చే తీరును బట్టి స్ఫటికంగా ఒకసారి, స్ఫటికం కాని స్థితికి మరోసారి మారుతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ రాయవచ్చు, మధ్యలో అనవసరమైన ముక్కలు తీసేయవచ్చు, రికార్డింగ్ సాగుతుండగానే మొదటి నుంచి చూడవచ్చు. అయితే మామూలు ప్లేయర్లలో చాలావాటికి ర్యామ్ డిస్కు చదవడం రాదు. ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు ఇవ్వదలచినది డీవీడీ-ఆర్ మీదే ఉండాలి, దాన్ని చివర్లో ఫైనలైజ్ చేయాలి. డిస్కులో ఏది ఎక్కడుందో తెలిపే వివరాలను తక్కిన ప్లేయర్లకు అర్థమయ్యేలా రాసి ముగించే చర్య అది. ఈ పని మరిచిపోయిన డిస్కు ఇతర ప్లేయర్లలో సాధారణంగా ఆడదు.

అమెరికాలో ఉన్న బంధువులు పంపిన క్యాసెట్లు ఉన్న ఇళ్ళు ఒక సంగతి గమనించాలి. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్. రెండింటినీ ఒకే డిస్కు మీద కలిపి రికార్డు చేయడం కుదరదు. అలాంటి క్యాసెట్లను వేరుగా పెట్టుకుని, టీవీ సిస్టమ్ సెట్టింగు మార్చి విడి డిస్కు మీద ఎక్కించుకోవాలి. దుకాణంలో కొన్న సినిమా క్యాసెట్లను కాపీ రక్షణ సంకేతం ఉంటే ఈ యంత్రం రికార్డు చేయనివ్వదు. అది చెడిపోవడం కాదు, దాని నిర్మాణమే అంత. ఛానెళ్ళను అందుకునే లోపలి ట్యూనరు పాత అనలాగ్ ప్రసారాల కోసం చేసింది కనుక నేటి కేబుల్‌కు పనికిరాదు. సెట్‌టాప్ బాక్సుకు పసుపు, తెలుపు, ఎరుపు తీగల అవుట్‌పుట్ ఉంటే దాని ద్వారా కలపవచ్చు గానీ, అందుకోసం దీన్ని కొనడం వృథా.

డిస్కు తయారయ్యాక పని పూర్తయిందనుకోకూడదు. డీవీడీ-ఆర్ రంగు పొర ఎండకూ, ఉక్కకూ తట్టుకోదు. ఫైనలైజ్ చేసిన డిస్కులోని వీడియో ఫైళ్ళను అదే రోజు హార్డ్ డిస్కుకు యథాతథంగా నకలు చేసుకుంటే మళ్ళీ కుదించవలసిన అవసరం ఉండదు, నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. క్యాసెట్ల సంగతి మరింత తొందరది. వీసీఆర్‌లను చివరివరకూ తయారు చేసిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో ఆ పని మానేసింది. మిగిలిన వీసీపీలు ఏటికేడు మూలన పడుతున్నాయి. కోస్తా ఉక్కపోతలో టేపు అంచున తెల్లగా పట్టే బూజును శుభ్రం చేయించకుండా వీసీపీలో పెడితే హెడ్లు పూడుకుపోతాయి, ఆ బూజు తరువాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది.

ఇప్పుడు కొనాలంటే సెకండ్‌హ్యాండే దిక్కు. ఈ వయసు యంత్రాల్లో ముందుగా అలసిపోయేది లేజరు. అమ్మేవారి ఎదుటే ఒక కొత్త డీవీడీ-ఆర్ మీద పది నిమిషాలు రికార్డు చేయించి, ఫైనలైజ్ చేయించి, దాన్ని వేరే ప్లేయరులో ఆడించి చూడండి. రిమోట్ లేకుండా సెట్టింగుల్లోకి వెళ్ళలేరు కాబట్టి అదీ అడిగి తీసుకోండి. డిస్కు భాగం పనిచేయకపోయినా బొమ్మ ఒకవైపు నుంచి లోపలికి వెళ్ళి మరోవైపు సవ్యంగా బయటికి వస్తూ ఉంటే, ధర బాగా తగ్గించమని అడిగి దాన్నే తీసుకోవచ్చు.