అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్: లావు అక్షరానికి సన్నగీతే ప్రాణం

అబ్రిల్ ఫ్యాట్‌ఫేస్ అనే ఇంగ్లిష్ ఫాంటును చూడగానే కంటికి ఆనేది లావు. ఏళ్ల తరబడి శుభలేఖలకూ పత్రిక శీర్షికలకూ వెబ్‌సైట్లకూ వాడాక మాత్రం నా చూపు ముందు సన్నగీతల మీదికే పోతుంది. ఫాంటు కళ అక్కడే ఉంది, పని చెడేదీ అక్కడే.

దీన్ని గీసింది ఫాంట్లు తయారుచేసే టైప్‌టుగెదర్ సంస్థకు చెందిన వెరోనికా బురియన్, హోసే స్కాలియోనే. 19వ శతాబ్దంలో బ్రిటన్, ఫ్రాన్స్ ప్రకటనల పోస్టర్ల మీద కనిపించే బలిసిన అక్షరాలు దీనికి మూలం. పత్రికల కోసం చేసిన పెద్ద అబ్రిల్ కుటుంబానికి డబ్బు కట్టాలి. ఈ ఒక్క ఫ్యాట్‌ఫేస్ మాత్రం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. లైసెన్సు ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్సు) కాబట్టి వ్యాపార పనులకు నిక్షేపంగా వాడుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్మకూడదంతే.

ఉన్నది ఒకే బరువు (గీతల లావు), 400. అందరూ జారేది ఇక్కడే. బ్రౌజరు పెద్ద శీర్షికలకు తనంతట తానే బోల్డ్ తగిలిస్తుంది. బోల్డ్ ఫైలు లేదు కాబట్టి ఉన్న అక్షరాన్నే ఉబ్బిస్తుంది. చిన్న ‘ఇ’ (e), ‘ఎ’ (a)ల లోపలి ఖాళీ పూడిపోతుంది, సన్నగీత మొద్దుబారుతుంది. సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపం చెప్పే కోడ్) శీర్షికకు font-weight: 400 అని, font-synthesis: none అని రాయండి. వర్డ్‌లో అయితే బోల్డ్ బటన్, ఇటాలిక్ బటన్ రెండూ ముట్టుకోవద్దు.

అచ్చులో ఇంకో లెక్క ఉంది. క్యాపిటల్ ‘ఇ’ (E)ని 100 పాయింట్లలో పెట్టి, అవుట్‌లైన్ చేసి (అక్షరాన్ని బొమ్మగా మార్చి), సన్నగీత మందం కొలవండి. దాన్ని మీ సైజుతో గుణించి 100తో భాగిస్తే అచ్చులో పడే మందం వస్తుంది. కొలత 2 పాయింట్లు వచ్చిందనుకుందాం, 20 పాయింట్ల పేరులో అది 0.4. తెల్లకాగితం మీద నల్లసిరాతో ఆఫ్‌సెట్‌కు అది చాలు. మెరూన్ నేల మీద తెల్ల అక్షరంగా తీస్తే చాలదు. ఆ మెరూన్ మూడు నాలుగు ప్లేట్ల కలయిక, ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నగీతలోకి రంగు పాకుతుంది. రివర్స్‌లో 0.5 పాయింటుకు తగ్గనివ్వను. తగ్గేలా ఉంటే అక్షరానికి అదే తెలుపులో 0.25 పాయింట్ల స్ట్రోక్ (అంచు గీత) ఇస్తాను, గీత సరిగ్గా 0.25 లావెక్కుతుంది. అంతకు మించి ఇస్తే ఫాంటు ముఖమే మారిపోతుంది. వీలైతే నేలనే ఒకే స్పాట్ రంగుగా (ముందే కలిపిన ఒక్క సిరాగా) పెట్టించడం ఇంకా మేలు. బంగారు ఫాయిల్ శుభలేఖలకు, అందులోనూ గరుకు కాగితానికి, ముందు ఒక నమూనా కొట్టించి చూడందే మొత్తం కాపీలకు సరే అనకండి. గరుకు మీద గీత మధ్యలో తెగుతుంది.

ఫ్లెక్సుకు దీన్ని నేను సిఫారసు చేయను. నవీన్ అనే పేరును ఇంగ్లిష్ క్యాపిటల్స్‌లో (NAVEEN) పెట్టి చూడండి. ‘ఎన్’కు నిలువు గీతలు సన్నం, ఏటవాలుది లావు. ‘ఎ’కు కుడికాలు లావు, ‘వి’కి ఎడమకాలు లావు. దూరం నుంచి సన్నవి మాయమైతే మిగిలేది ఒకే వైపు వాలిన నాలుగు దుంగలు, మధ్యలో ‘ఐ’ల్లా నిలబడ్డ రెండు ‘ఇ’లు. పేరు చదవలేం. మొదటి అక్షరం పెద్దదిగా, మిగతావి చిన్నవిగా పెడితే కొంత నయం. లావే కావాలి, దూరం నుంచి చదవాలి అంటే కూపర్ బ్లాక్ పెట్టుకోవడం మంచిది, దాంట్లో తెగిపోయేంత సన్నగీత లేదు.

అక్షరాల ఎడం సంగతి: 60 పాయింట్లు దాటితే ట్రాకింగ్ -10 చేస్తే మాట బిగుస్తుంది. అన్నీ క్యాపిటల్స్ అయితే +20 నుంచి +40 దాకా వదలండి.

దీంట్లో తెలుగు అక్షరాలు లేవు. వెబ్‌లో వరుసలో రెండో ఫాంటు పేరు మీరు రాయకపోతే కంప్యూటర్‌లో ఏది దొరికితే అది వచ్చి పక్కన కూర్చుంటుంది. నాకు కుదిరిన జోడీ నోటో సెరిఫ్ తెలుగు బ్లాక్, దాని గీతల్లోనూ లావుసన్నాల తేడా ఉంది. రామభద్ర కూడా బరువులో తూగుతుంది, కానీ సన్నగీత లేక పక్కన మొరటుగా కనిపిస్తుంది. సైజు సమానంగా పెట్టి వదిలేయకండి, తలకట్టు తీసేసి చూస్తే అక్షరం ఒళ్లు ఇంగ్లిష్ చిన్న అక్షరం ఎత్తుకు వచ్చేదాకా సర్దండి. వరుసల ఎడం ఇంగ్లిష్‌కు అక్షరం సైజుకు 1.05 రెట్లు చాలు, తెలుగుకు 1.4 రెట్లు అయినా ఉండాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే వత్తులు విడిపోతాయి.

‘అను’ అనే తెలుగు డీటీపీ ఫాంట్లతో పేజీ కట్టేవాళ్లకు ఇంకో జాగ్రత్త. అనులో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే ఉంటాయి. లైను మొత్తం ఎంచుకుని అబ్రిల్ చేస్తే తెలుగంతా అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలై కూర్చుంటుంది. ఇంగ్లిష్ మాటకు విడిగా క్యారెక్టర్ స్టైల్ చేసుకుని, ఆ మాటను మాత్రమే ఎంచుకుని వేయండి.