చలికాలపు బ్యాగ్‌పైపింగ్‌కి జిప్పు తిత్తి: కొనొచ్చు, కానీ నవంబర్‌లోపే

ఆగస్టులో గ్లాస్గో గ్రీన్‌లో వరల్డ్ పైప్ బ్యాండ్ పోటీలు ముగిశాయంటే స్కాట్లండ్‌లో ఆరుబయట సీజన్ దాదాపు అయిపోయినట్టే. ఇక బ్యాగ్‌పైప్ వాయించే పైపర్ల ధ్యాసంతా జనవరి మీదే: గ్లాస్గోలో సెల్టిక్ కనెక్షన్స్ సంగీతోత్సవం, అమెరికాలో కాన్సస్ సిటీ వింటర్ స్టార్మ్ పైపింగ్ పోటీలు. వాయించేది హాళ్లలో. బయట గడ్డకట్టే చలి, లోపల హీటర్ల పొడిగాలి. బ్యాగ్‌పైప్‌కి ఇంతకన్నా గట్టి పరీక్ష లేదు. గాలి నింపే తోలు తిత్తి మార్చి జిప్పున్న గోర్‌టెక్స్ (ఆవిరిని వదిలే కృత్రిమ గుడ్డ) తిత్తి వేసుకోవాలనుకునేవాళ్లకు ఈ ఖాళీ నెలలే అదను.

తోలు తిత్తికి ఒక పెద్ద సుగుణం ఉంది, ఊపిరిలోని తేమను తనే తాగేస్తుంది. కాకపోతే నాలుగు వారాలు పక్కన పెడితే బిగుసుకుపోయి కుట్ల దగ్గర గాలి వదులుతుంది. అప్పుడు తోలును మెత్తబరిచి గాలి పోకుండా చేసే సీజనింగ్ ద్రావణం గోరువెచ్చగా పోసి, పిసికి, వంచేయాలి. జిప్పు తిత్తికి ఆ చాకిరీ లేదు. వాయించాక జిప్పు తీసి లోపల పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

బిగించేటప్పుడే అసలు జాగ్రత్త. మూడు డ్రోన్లు (ఆగకుండా శ్రుతి మోగించే గొట్టాలు), ఊదుగొట్టం, ఛాంటర్ (వేళ్లతో స్వరాలు పలికించే గొట్టం), వీటిని తిత్తికి కలిపే గూళ్లు మొత్తం ఐదు స్టాకులు. రబ్బరు కాలర్ మీద క్లాంపు స్టాకు గాడిలోనే కూర్చోవాలి, దాని స్క్రూ తల చేతికి ఒరుసుకోని వైపు తిప్పాలి. తర్వాత నాలుగు స్టాకులకు రబ్బరు బిరడాలు పెట్టి, ఇక పట్టనంతవరకు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదండి. గాలి ఎక్కువ పట్టిందంటే ముందుగా జిప్పు చివర చూడండి. చాలాసార్లు ఆఖరి అర అంగుళమే పూర్తిగా మూసుకోదు. ఆ చివర జిప్పు గ్రీజు పలుచగా రాస్తే సరిపోతుంది.

గోర్‌టెక్స్ ఆవిరిని బయటికి పంపుతుంది గానీ, గంటసేపు ఊదిన తేమంతా పోదు. మిగిలింది చల్లటి చెక్క గొట్టాల్లో నీళ్లవుతుంది. ఒక్క చుక్క జారి డ్రోన్ రీడ్ (ఊదితే అదిరి మోగే పలుచని ముక్క) నాలుక కిందకి చేరితే ఆ శ్రుతి అక్కడికక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఊదుగొట్టం స్టాకుకి ఊపిరి నీళ్లను పట్టి ఆపే ట్రాపు తప్పనిసరి. డ్రోన్లకు తేమ పీల్చే గుళికల డబ్బా కూడా మంచిదే. ఛాంటర్‌కి మాత్రం ఆ డబ్బా తగిలించొద్దు. హీటర్ గదిలో దాని కేన్ (రెల్లు) రీడ్ ఎలాగూ ఎండుతుంది, ఇంకా ఎండబెడితే పై స్వరాలు తీవ్రమై డ్రోన్లతో కలవవు. వాయించనప్పుడు రీడ్‌కి టోపీ పెట్టి ఉంచండి.

కొత్త తిత్తిలో తేమ మారితే రీడ్ నడవడి మారుతుంది. రోజూ అరగంట చొప్పున మూడు వారాలు వాయిస్తే గానీ, ఛాంటర్ ప్రధాన స్వరం లో ఏ 480 హెర్ట్జ్ దగ్గర నిలకడగా నిలవదు. డిసెంబర్ ఆఖర్లో కొని జనవరి వేదిక ఎక్కడం వద్దని గట్టిగా చెబుతాం.

తిత్తి ఎంత మంచిదైనా, గొట్టాలు చేసే బ్లాక్‌వుడ్ చెక్కని అది కాపాడదు. చలిలోంచి తెచ్చిన పైపుల్ని వెంటనే ఊదితే చెక్క లోపలివైపు ఒక్కసారిగా వేడెక్కి, తడిసి, ఉబ్బుతుంది. బయటివైపు చల్లగానే ఉండటంతో పగుళ్లిస్తుంది. హాలుకి చేరాక పెట్టె మూసే ఉంచి గంటసేపు వదిలేయండి. తర్వాత కీళ్లు చూడండి. పొడిగాలికి వదులైనచోట మైనం రాసిన హెంప్ నార దారం రెండు చుట్లు వేస్తే బిగుస్తుంది. ఆ దారం ఒక ఉండ, బిరడాలు పెట్టెలోనే ఉంచుకోండి.