చేతిలో కెమెరా, వాలిపోయే సముద్రం: ఎలక్ట్రానిక్ లెవెల్‌తో నాలుగేళ్లు

విశాఖలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఐదేళ్లుగా వీలైనప్పుడల్లా తెల్లవారకముందే ఆర్కే బీచ్‌కో రుషికొండకో వెళ్లి ఫొటోలు తీస్తున్నాను. ట్రైపాడ్ తీసుకెళ్లను. వల లాగేవాళ్లు, అలల్లో పరిగెత్తే పిల్లలు నేను ట్రైపాడ్ సర్దుకునేదాకా ఆగరు కదా. మొదటి ఏడాది ఫొటోలు చూసుకుంటే అన్నిట్లో ఒకటే లోపం. సముద్రం కుడివైపు పైకి లేచి, నీళ్లన్నీ ఎడమవైపు జారిపోతున్నట్టు ఉండేది.

కంప్యూటర్‌లో తిప్పి సరిచేయొచ్చు. కానీ దానికి ఫొటోలో కొంత వదులుకోవాలి. వెడల్పు, ఎత్తు 3:2గా ఉన్న ఫొటోను అదే ఆకారంలో ఉంచుతూ 1 డిగ్రీ తిప్పితే సుమారు 5 శాతం, 2 డిగ్రీలు తిప్పితే దాదాపు 10 శాతం విస్తీర్ణం కత్తిరింపులో పోతుంది. అంచున ఉన్న పడవ కొన, మనిషి పాదం అందులోనే పోతాయి. నాకు అది చాలా బాధగా ఉండేది.

మొదట హాట్‌షూలో, అంటే కెమెరా పైన ఫ్లాష్ పెట్టే గాడిలో, తగిలించే చిన్న రసమట్టం కొన్నాను. తాపీమేస్త్రి గోడ మీద పెట్టి చూసే బుడగే, బొటనవేలి గోరంత సైజులో. ట్రైపాడ్ మీద చక్కగా పనిచేస్తుంది. చేత్తో పట్టుకుని తీసేవాళ్లకు మాత్రం వద్దనే చెబుతాను. కన్ను వ్యూఫైండర్‌కి ఆనించి ఉంటే బుడగ కనిపించదు, బుడగ చూస్తే ఎదురుగా ఉన్నది తప్పిపోతుంది. వ్యూఫైండర్‌లో అడ్డంగా, నిలువుగా కనిపించే గ్రిడ్ గీతలు అంతకంటే నయం, నీటి అంచు స్పష్టంగా కనిపించినంతసేపు. శీతాకాలం ఉదయాల్లో మంచు పట్టి నీళ్లూ ఆకాశమూ కలిసిపోతే గీతను దేనికి ఆనించాలి?

ఎలక్ట్రానిక్ లెవెల్ పనికొచ్చేది అక్కడే. 2007లో నికాన్ డీ3లో వర్చువల్ హొరైజన్ పేరుతో వచ్చింది. ఇప్పుడు చాలా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో ఉంది. లోపలి సెన్సర్ భూమి ఎటు లాగుతోందో పట్టుకుని, కెమెరా ఎంత వాలిందో వ్యూఫైండర్‌లోనే గీతగా చూపిస్తుంది. నా కెమెరాలో సరిగ్గా ఉంటే ఆకుపచ్చగా మారుతుంది. నాలుగేళ్లుగా దాన్ని ఆఫ్ చేయలేదు.

అయినా మొదట్లో ఫొటోలు వాలుతూనే ఉండేవి. ఆకుపచ్చ చూసే నొక్కాను కదా, మళ్లీ ఎందుకు వంగింది అని చాలా రోజులు టెన్షన్ పడ్డాను. కారణం నా చూపుడు వేలు. బటన్‌ను గట్టిగా కిందికి పొడిచినప్పుడు కెమెరా కుడివైపు దిగుతుంది. కెమెరా కుడికి దిగితే ఫొటోలో సముద్రం కుడివైపు లేస్తుంది. లెవెల్ చెప్పింది నిజమే, నేను నొక్కిన క్షణంలో అది మారిపోయింది. అప్పటినుంచి ఎడమ అరచేయి లెన్స్ కింద పెట్టి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, వేలిని బటన్ మీద మెల్లగా ఒత్తుతున్నాను. వరసగా మూడు తీస్తాను. మొదటిదానికి వేలి కుదుపు తగులుతుంది కాబట్టి ఎక్కువసార్లు రెండోదే ఉంచుకుంటాను. ఇసుక వాలుగా ఉన్నచోట ఒక కాలు కిందికి దిగితే నడుము కూడా ఒరుగుతుంది. అందుకే కాళ్లు కుదురుగా పెట్టుకున్నాకే కెమెరా ఎత్తుతాను.

లెవెల్‌ను నమ్మకూడని చోట్లు కూడా ఉన్నాయి. పాపికొండల లాంచీలో అది పనికిరాలేదు. లాంచీ మలుపు తిరిగినా వేగం మారినా సెన్సర్‌కు ఆ ఊపు కూడా భూమి లాగుడులాగే తోస్తుంది. గీత అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అక్కడ కంటినే నమ్మాను. హుస్సేన్‌సాగర్ దగ్గర ఇంకో చిక్కు. ఎదుటి గట్టు మనకు ఏటవాలుగా దూరమవుతుంటే, కెమెరా సరిగ్గా ఉన్నా ఫొటోలో గట్టు వంగినట్టే కనిపిస్తుంది. గట్టును చూసి తిప్పితే బుద్ధుడి విగ్రహం ఒరుగుతుంది. అలాంటప్పుడు విగ్రహం, దీపస్తంభాల లాంటి నిలువు గీతలే ఆధారం. వైడ్ లెన్స్‌తో సముద్రాన్ని ఫ్రేము పై అంచుకు దగ్గరగా పెడితే నీటి గీత విల్లులా వంగొచ్చు. అది లెవెల్ తప్పు కాదు, లెన్స్ ప్రొఫైల్‌తో, అంటే ఆ లెన్స్ వంపును సాఫ్ట్‌వేర్‌లో సరిచేసే సెట్టింగ్‌తో, చాలావరకు సరవుతుంది.

ఒక్క ఫిర్యాదు ఉంది. నా కెమెరాలో బటన్ సగం నొక్కి ఫోకస్ చేస్తుంటే లెవెల్ గీత మాయమవుతుంది. అది కావాల్సిందే ఆ క్షణంలో! చివరికి ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకున్నాను. ఇప్పుడు బొటనవేలితో ఫోకస్ పట్టాక కూడా గీత కళ్లముందే ఉంటుంది. కొత్త కెమెరా కొనేవాళ్లు షాపులోనే సగం నొక్కి, గీత నిలుస్తుందో లేదో చూసుకోండి. నిలువుగా పట్టుకుని కూడా చూడండి.