ఒంటరి తేనెటీగలకు బీ హోటల్: కొనేముందు గొట్టాలు చూడండి

బీ హోటల్ అంటే ఒంటరి తేనెటీగలు గూడు పెట్టుకోవడానికి గొట్టాలు పేర్చిన పెట్టె. గోడకు బిగించుకునే ఈ చెక్క బీ హోటల్‌ని నేను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, ఇందులోని గొట్టాలు బయటికి వస్తాయి. దొరికేవాటిలో చాలావరకు బొమ్మరిల్లులా ముద్దుగా ఉంటాయి. ఒక అరలో పైన్ కాయలు, ఇంకో అరలో చెక్క పేళ్లు. అవి మన కళ్లకే తప్ప తేనెటీగలకు పనికిరావు. వాటికి కావాల్సింది వెనక మూసి ఉన్న, లోపల నున్నగా ఉన్న లోతైన కన్నం.

ఇది తేనె ఇచ్చే పెట్టె కాదు. పట్టు పెట్టి గుంపుగా బతికే తేనెటీగలు ఇటు తొంగి కూడా చూడవు. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులుంటే వాటిలో ఎక్కువ భాగం ఒంటరిగా గూడు కట్టుకునేవే. కాపాడుకోవడానికి పట్టు లేదు కాబట్టి అవి మన జోలికి రావడం చాలా అరుదు. పిల్లలున్న ఇంట్లోనూ టెన్షన్ అక్కర్లేదు.

మా పెట్టెలో మొదట దిగింది ఆకులు కత్తిరించే తేనెటీగ. గులాబీ ఆకు అంచున కూర్చుని దవడలతో వంపుగా కోసుకుంటూ పోయి, ముక్క ఊడిరాగానే దానితో సహా గాల్లోకి లేస్తుంది. దాన్ని పొట్ట కింద మడిచి పట్టుకుని నేరుగా తన గొట్టంలోకి దూరుతుంది. కోలగా కోసినవి గది గోడలకు, గుండ్రటివి మూతలకు. ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద, దాని మీద ఒకే గుడ్డు. ఆడపిల్లల గుడ్లు లోపలి చివర, మగవాటివి ముంగిట పెడుతుంది, ముందు బయటికి వచ్చేవి మగవే మరి. గొట్టం పొట్టిదైతే మగవే ఎక్కువ పుడతాయి. అందుకే 15 సెంటీమీటర్ల కంటే తక్కువ లోతున్నది కొనకండి. ఇందులో ఆ లోతు ఉంది, కన్నాలు కూడా 3 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా రకరకాలుగా ఉన్నాయి. ఈ రెండూ బాగా చేశారు.

పైకప్పు మాత్రం పొట్టి. జల్లు కొడితే ముందు వరస తడుస్తుంది, తడిస్తే బూజు. కొన్ని వెదురు గొట్టాల మూతి దగ్గర పేళ్లు లేచి ఉన్నాయి. రెక్కలు చిరుగుతాయి కాబట్టి గరుకు కాగితంతో రుద్దాకే బిగించాలి. పొద్దుటి ఎండ తగిలేచోట, గాలికి ఊగకుండా పెట్టండి. నాకు కోపం తెప్పించింది దీనితో వచ్చిన సూచనల కాగితం. ఏటా శుభ్రం చేయాలన్న మాటే లేదందులో! పిల్లలు ఎగిరిపోయాక పాత గొట్టాలు అలాగే వదిలేస్తే పుప్పొడి తినే మైట్లు (కంటికి సరిగా ఆనని చిన్న పురుగులు) పెరిగి, తర్వాతి తరాన్ని తుడిచిపెట్టేస్తాయి.

పెట్టె ఒక్కటే చేయగలిగింది తక్కువ. ఒంటరి తేనెటీగల్లో ఎక్కువ శాతం నేలలోనే గూడు చేస్తాయి, వాటికోసం తోటలో కొంత మట్టిని కప్పకుండా, తవ్వకుండా వదలాలి. చిన్న జాతులు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పోవు. అంటే పక్కింటి పూలే వాటికి దిక్కు. అందుకే మా వీధిలో నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. పూత మీదున్న మొక్కకు పురుగుమందు కొట్టకూడదని, ఏ కాలంలోనైనా ఎవరో ఒకరింట్లో స్థానిక మొక్క పూసి ఉండేలా పంచుకుని నాటాలని అనుకున్నాం. ఆకులకు కన్నాలు పడుతున్నాయని పక్కింటావిడ మొదట బాధపడ్డారు. మొక్కకు నష్టం లేదని కొత్త చిగుళ్లు చూశాక కుదుటపడి, ఇప్పుడు తానే కాపలా కాస్తున్నారు.

ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటి పైకప్పుకి, సూచనల కాగితానికి. ఈ కంపెనీ మార్చుకునే గొట్టాలు విడిగా అమ్మడం లేదు, అమ్మాలి. అప్పటిదాకా బ్రౌన్ పేపర్‌ని పెన్సిల్‌కి చుట్టి, ఒక కొసను మడిచి జిగురుతో మూసి, లోపల దూర్చండి. మధ్యరకం కన్నాలకు సరిపోతుంది.