పేగుకు పడిన చిల్లును మూసే ఓటీఎస్‌సీ క్లిప్: పనితనం, పరిమితులు

పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చేసే కొలనోస్కోపీలో పెద్ద పాలిప్‌ను (పేగు లోపలి గోడపై పెరిగిన కండను) తొలగించేటప్పుడు పేగు గోడకు చిల్లు పడడం అరుదే గాని, అనుభవం ఉన్న చేతుల్లోనూ జరుగుతుంది. ఒకప్పుడు పొట్ట కోసి కుట్లు వేయడమే దానికి చికిత్స. 1993లో జఠరానికి పడిన చిల్లును ఎండోస్కోపీ క్లిప్పులతోనే మూసిన ఉదంతం వెలువడ్డాక ఆ పద్ధతి క్రమంగా మారింది. జర్మనీలోని ట్యూబింగెన్‌కు చెందిన ఓవెస్కో సంస్థ తయారుచేసే ఓటీఎస్‌సీ (ఓవర్ ద స్కోప్ క్లిప్) ఆ కోవలోదే.

నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ లోహంతో చేసిన ఈ క్లిప్, నోరు తెరిచిన ఉచ్చులా ఒక పారదర్శకమైన క్యాప్ చుట్టూ బిగిసి ఉంటుంది. క్యాప్‌ను స్కోప్ (కెమెరా గొట్టం) కొనకు తొడిగి, చిల్లు చుట్టూ ఉన్న కణజాలాన్ని క్యాప్‌లోకి లాగి, పిడి దగ్గరున్న చక్రాన్ని తిప్పితే దారం లాగబడి క్లిప్ జారి మూసుకుంటుంది. స్కోప్ గొట్టంలోంచి పంపే చిన్న క్లిప్పులు చాలావరకు లోపలి పొరనే పట్టుకుంటాయి. ఇది గోడ మందమంతటినీ పట్టుకోగలగడమే దీని అసలైన బలం. 2012లో ప్రచురితమైన ఒక యూరోపియన్ అధ్యయనంలో 36 మంది రోగులపై దీన్ని పరీక్షించగా, అత్యధికుల్లో చిల్లు మూసుకుంది.

అయితే, చిల్లు కనబడిన క్షణంలో స్కోప్‌ను పూర్తిగా బయటకు తీసి, క్యాప్ తొడిగి, మళ్లీ అదే చోటికి చేరాలి. ఈ లోపు గాలి, మలద్రవం కడుపు కుహరంలోకి చేరుతూనే ఉంటాయి కనుక మామూలు గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడడం తప్పనిసరి అని నా అభిప్రాయం. లావెక్కిన కొన గొంతు దగ్గర, పెద్దపేగు చివరి భాగమైన సిగ్మాయిడ్ మలుపుల్లో ఇబ్బంది పెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకసారి వదిలిన క్లిప్‌ను తిరిగి తెరవలేము. అంచులు సమానంగా లోపలికి రాకుండా చక్రం తిప్పితే చిల్లు సగమే మూసుకుంటుంది, దాన్ని తొలగించాలంటే వేరే కోత పరికరం కావాలి. రెండు అంచులనూ విడివిడిగా పట్టే ట్విన్ గ్రాస్పర్ ఇక్కడ ఉపయోగపడుతుంది గాని, దానికి చేయి తిరిగిన సహాయకులు ఉండాలి.

ఐరోపా ఎండోస్కోపీ సంఘం మార్గదర్శకాలు చిన్న చిల్లులకు మామూలు క్లిప్పులను, పెద్దవాటికి ఈ రకాన్ని సూచిస్తాయి. ఆ విభజన నాకు సబబుగానే తోస్తుంది. సెంటీమీటరు లోపు చిల్లుకు ఇంత ఖరీదైన సాధనం తెరవడం వృథా. చిన్నపేగు మొదటి భాగమైన డ్యుయోడినం పక్క గోడ చిరిగినప్పుడు మాత్రం క్లిప్ వేశాక కూడా సర్జన్‌ను పక్కనే ఉంచుకోవాలి.

కొనదలచిన ఎండోస్కోపీ విభాగాలు 11, 12, 14 మిల్లీమీటర్ల రకాల్లో తమ స్కోపులకు సరిపోయేవాటిని ముందే చూసి నిల్వ ఉంచుకోవాలి. చిల్లు పడ్డాక స్టోర్‌కు మనిషిని పంపేంత వ్యవధి ఉండదు. లోపల లోహం ఉందన్న మాటను డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, ఎంఆర్ఐకి వెళ్లేముందు రోగి తప్పక చూపించాలి.